జమ్మిచెట్టెక్కని ఆయుధం



స్మారకోపన్యాసం అంటే ఏ కావ్యం గురించో, శాసనాల గురించో ఉంటుందనుకుని రావడం రివాజు. ఈ ఏటి విషయం జపాన్ బొమ్మల కథల్లోని ఒక సైనికుడు. పిల్లల కథకు ఇంత సభా అని ఎవరికైనా అనిపిస్తే తప్పులేదు. కాకపోతే పెద్దల నవలలు చాలావాటికి తట్టని ఒక ప్రశ్నని ఆ పిల్లల కథ గట్టిగా పట్టుకుంది. యుద్ధానికి వెళ్లేవాడి ఒళ్లు ఎవరి సొత్తు?

అల్బర్ట్ హైన్రిష్‌ది తూర్పు జర్మనీ. లారీ నడుపుకునే మనిషి. ప్రేమించిన హిల్డాని వెంటబెట్టుకుని సరిహద్దు దాటి పశ్చిమానికి పారిపోబోయాడు. ఆ ప్రయత్నంలో ఆమె ప్రాణం పోయింది. కొనఊపిరితో ఉన్న ఇతన్ని ఎవరో ఎత్తుకుపోయారు. తెలివి వచ్చేసరికి కుడిచేతి వేళ్లు మెషిన్‌గన్ గొట్టాలైపోయాయి. ఎడమచేతిలో కత్తి మొలిచింది. మోకాళ్లలో క్షిపణులున్నాయి. ఒంట్లో ఎక్కడో లోపల ఒక అణుబాంబు కూడా అమర్చారు. పేరు పోయి నంబరు వచ్చింది: 004.

పాండవులు అజ్ఞాతవాసానికి పోయేముందు ఆయుధాలు మూటగట్టి జమ్మిచెట్టు మీద పెట్టారు. అర్జునుడంతటివాడు గాండీవం దించి ఏడాదిపాటు నాట్యం నేర్పుతూ గడిపాడు. హైన్రిష్‌కి ఆ వీలు లేదు. అన్నం తినే చెయ్యీ అదే, కాల్చే చెయ్యీ అదే. ఎవరితోనైనా చెయ్యి కలపాలన్నా ముందు గొట్టాలే తగులుతాయి. యుద్ధం ఆగినా అతని ఒంట్లో ఆగదు.

హైన్రిష్ ఉన్న కథ పేరు ‘సైబోర్గ్ 009’. షోతారో ఇషినోమోరి దాన్ని 1964 జూలైలో ‘షోనెన్ కింగ్’ అనే పిల్లల వారపత్రికలో మొదలుపెట్టాడు. టోక్యో ఒలింపిక్స్‌కి ఇంకా మూడు నెలలుంది. కొత్త రోడ్లు, కొత్త రైళ్లు, కొత్త టీవీలతో ఊరంతా పండగ సందడిలో ఉన్నప్పుడు ఈ కుర్రవాడు, అప్పటికి ఇరవయ్యారేళ్లవాడు, ఆయుధాల వ్యాపారం గురించి పిల్లలకు కథ చెప్పడానికి కూర్చున్నాడు.

ముందుకు పోయేముందు ఒక తేడా చెప్పుకోవాలి. రోబో వేరు, సైబోర్గ్ వేరు. 2010లో మనవాళ్లంతా చూసిన ‘రోబో’ సినిమాలో చిట్టి ఆసాంతం యంత్రం. చివర్లో తన ఒంటిని తానే ముక్కముక్కగా ఊడదీసుకుంటాడు, చూసేవాళ్లకి గొంతు పట్టేస్తుంది, అది వేరే సంగతి. సైబోర్గ్‌లో ముందునుంచీ ఒక మనిషి ఉంటాడు. అతనికి అమ్మా నాన్నా ఊరూ గుర్తుంటాయి. ఊడదీస్తే ఆ మనిషే పోతాడు. సైబోర్గ్ అనే మాటని పుట్టించింది అమెరికాలో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నేథన్ క్లైన్ అనే ఇద్దరు పరిశోధకులు, 1960లో. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక మానసిక వైద్యశాలలో పనిచేసేవారు. అంతరిక్షంలోకి భూమ్మీది గాలినీ వాతావరణాన్నీ మోసుకుపోయే బదులు మనిషి ఒంటినే అక్కడికి తగ్గట్టు మార్చుకోవచ్చు కదా అన్నది వాళ్ల ఆలోచన. వాళ్లు ఉదాహరణగా చూపించింది ఒక తెల్ల ఎలుకని. దాని ఒంట్లో మందుని కొద్దికొద్దిగా వదిలే చిన్న పంపు ఉంటుంది, అంతే. ఆ వ్యాసంలో తుపాకీ లేదు.

తుపాకీ పెట్టింది ఇషినోమోరి.

ఇతను 1938లో జపాన్ ఈశాన్యాన మియాగి ప్రాంతంలో పుట్టాడు. అసలు ఇంటిపేరు ఒనోదెరా. ఊరి పేరునే కలంపేరు చేసుకున్నాడు. బడిలో ఉండగానే ‘ఆస్ట్రో బాయ్’ గీసే ఒసాము తెజుకాకి చేదోడుగా బొమ్మలేశాడు. 1956లో టోక్యో చేరి, తోకివాసో అనే చెక్క మేడలో అద్దెకు దిగాడు. అక్కడ గది గదికీ ఒక బొమ్మల కథకుడే. అతని బొమ్మలకు మొదటినుంచీ అండగా నిలిచిన అక్క యోషియే 1958లో చనిపోయింది. ఆ తర్వాత, 1961లో, పత్రికల పనులన్నీ పక్కన పడేసి దేశాలు తిరగడానికి బయల్దేరాడు. అమెరికన్ పత్రిక ‘లైఫ్’లో సైబోర్గ్‌ల గురించి వచ్చిన వ్యాసం అతని కంటపడింది ఆ రోజుల్లోనే. బెర్లిన్‌లో గోడ లేచింది కూడా ఆ ఏడాదే, ఆగస్టులో. హైన్రిష్ లారీ ఎటునుంచి వచ్చిందో వేరే వెతకనక్కర్లేదు.

జపాన్‌లో యంత్రపు ఒంటి వీరుడు అప్పటికే ఒకడున్నాడు. 1963లో కజుమాసా హిరాయి, జిరో కువాతా కలిసి తెచ్చిన ‘ఎయిట్‌మాన్’. నేరస్థుల చేతిలో చనిపోయిన డిటెక్టివ్ మనసుని యంత్రంలోకి ఎక్కిస్తే వాడు మళ్లీ పోలీసు పనే చేస్తాడు. ఆ ఒళ్లు అతనికి దక్కిన వరం. ఇషినోమోరి దగ్గరికి వచ్చేసరికి అదే ఒళ్లు అమ్మకానికి పెట్టిన సరుకైంది.

కథలో ‘బ్లాక్ ఘోస్ట్’ అనే సంస్థ ఉంటుంది. దానికి దేశం లేదు, జెండా లేదు, సిద్ధాంతం అసలే లేదు. ఉన్నదల్లా ఖాతాదారులు. కొట్టుకునే ఇద్దరికీ ఆయుధాలు అమ్ముతుంది. కొట్టుకోవడం ఆగిపోయేలా ఉంటే ఎగదోస్తుంది. అణుబాంబుల కాలంలో రేపటి యుద్ధం నేలమీద కాదు, ఆకాశం పైపొరల్లోనూ అంతరిక్షంలోనూ జరుగుతుందని దాని లెక్క. అక్కడ మామూలు సిపాయి ఊపిరి తీసుకోలేడు. కాబట్టి కొత్త రకం సిపాయి కావాలి. ప్రపంచం నలుమూలలనుంచీ తొమ్మిదిమందిని పట్టుకొచ్చి కోసి, కుట్టి, మరలు బిగించి తయారుచేసింది. వీళ్లు నమూనాలు. కొనుగోలుదారులకు చూపించడానికి పెట్టిన శాంపిల్ ముక్కలు. మొదటి అధ్యాయాల్లో వాళ్లని ఆడించి చూపించే ప్రదర్శన జరుగుతుంది. ఆ ప్రదర్శన మధ్యలోనే శాంపిళ్లు తిరగబడి, తమని తయారుచేసిన డాక్టర్ గిల్మోర్‌ని వెంటబెట్టుకుని పారిపోతాయి. తప్పు తెలుసుకున్న ముసలాయన అతను. తర్వాత కథంతా వాళ్లకి మరమ్మతులు చేస్తూనే గడుపుతాడు.

ఇదంతా గాల్లోంచి ఊడిపడింది కాదు. కొరియా యుద్ధంలో, 1950 నుంచి 1953 దాకా, అమెరికా సైన్యం ఇచ్చిన ఆర్డర్లతోనే జపాన్ ఫ్యాక్టరీలు మళ్లీ ఊపందుకున్నాయి. ఓడిపోయి, యుద్ధం ఇక చెయ్యమని రాజ్యాంగంలో రాసుకున్న దేశం, పక్కింటి యుద్ధంతో నాలుగు డబ్బులు వెనకేసుకుంది. ఇషినోమోరి తరం ఆ రెండూ ఒకే ఇంట్లో చూస్తూ పెరిగింది. బ్లాక్ ఘోస్ట్‌ని వట్టి కథల రాక్షసుడిగా చదివితే సగమే చదివినట్టు.

తొమ్మిదిమందిలో ఒకటో నంబరు రష్యా పసిబిడ్డ. కన్నతండ్రే శాస్త్రవేత్త, కొడుకు మెదడు మీద తానే కత్తి పెట్టాడు. రెండో నంబరు న్యూయార్క్ వీధి ముఠాల కుర్రాడు జెట్, ఎగరగలడు. మూడు, ఫ్రాన్స్ బాలే నర్తకి ఫ్రాన్స్వాజ్. మైళ్ల దూరం చూపూ వినికిడీ ఇచ్చారు, వినకూడనివి కూడా వినబడతాయి. ఆరో నంబరు నోట్లోంచి నిప్పులు కక్కే చైనా వంటవాడు. ఏడు, ఏ రూపంలోకైనా మారే ఇంగ్లండ్ నటుడు. అయిదో నంబరు అమెరికా ఆదివాసి, ఎనిమిదో నంబరు ఆఫ్రికావాడు. ఈ ఇద్దరి దగ్గర ఇషినోమోరి చెయ్యి తడబడింది. ముఖ్యంగా ఎనిమిదో నంబరు ప్యున్మా ముఖాన్ని, ఆ రోజుల్లో నల్లవాళ్లని వెక్కిరింతగా గీసే పద్ధతిలోనే, లావు పెదాలతో గీశాడు. ప్రపంచం అంతా ఒకే జట్టుగా నిలబడాలని కథ కట్టినవాడే ఒక ఖండం మొహాన్ని సరిగ్గా చూడలేదు. 2001లో వచ్చిన టీవీ సిరీస్‌లో ఆ బొమ్మని మార్చారు. మార్చి మంచిపనే చేశారు గానీ, పాత పేజీలు పాత పేజీలే.

తొమ్మిదోవాడు జో షిమామురా. తల్లి జపాన్ స్త్రీ, తండ్రి ఎవరో విదేశీయుడు. యుద్ధం తర్వాత అమెరికా సైన్యం జపాన్‌లో మకాం వేసినప్పుడు ఇలాంటి పిల్లలు చాలామంది పుట్టారు. ఇటు వీధిలోనూ అటు బడిలోనూ మాటలు పడుతూ పెరిగారు. జో అనాథ. బాల నేరస్థుల నిర్బంధ గృహంలోంచి పారిపోతుండగా బ్లాక్ ఘోస్ట్ చేతికి చిక్కాడు. పిల్లల పత్రికలో కథానాయకుడిగా అలాంటి కుర్రాణ్ణి నిలబెట్టడం 1964లో చిన్న తెగింపు కాదు.

జో ఒంట్లో ఉన్న ఆయుధం వేగం. దవడ పంటిలో మీట ఉంటుంది. పళ్లు బిగించి నొక్కితే అతను ధ్వనికి అయిదింతల వేగందాకా అందుకుంటాడు. బయటివాళ్లకి కనిపించడు. అతనికేమో బయటివాళ్లు బొమ్మల్లా నిలిచిపోయి కనిపిస్తారు. గాల్లో తూటా కూడా నింపాదిగా వస్తుంటుంది. బొమ్మల కథకి ఇది దొరక్క దొరికిన సౌకర్యం. ఎంత వేగమైనా పేజీ మీద అన్నీ కదలని బొమ్మలే కదా. మిగతావాళ్లు వేగం చూపించడానికి గీతల మీద గీతలు గీస్తుంటే, ఇషినోమోరి చాలాచోట్ల గీతలే మానేశాడు. ఊరంతా ఆగిపోయి జో ఒక్కడే కదిలితే వేగం దానంతటదే తెలుస్తుంది.

ఆ వరాన్నే ఒక చిన్న కథలో తిరగేశాడు. జో ఒంట్లో ఆ పరికరం చెడిపోతుంది. వేగంలోకి వెళ్లినవాడు తిరిగి రాలేడు. వీధిలో మనుషులు అడుగు ఎత్తినచోటే ఉన్నారు. పలకరిస్తే వినబడదు. ఆ వేగంలో తాకితే తాకిన మనిషికే ప్రమాదం. గిల్మోర్ పక్కనే ఉన్నా, తనకేమైందో చెప్పే దారి లేదు. పేజీలకు పేజీలు ఒక కుర్రాడు నిలిచిపోయిన ఊళ్లో ఒంటరిగా తిరుగుతుంటాడు. పోరాటం లేదు, శత్రువు లేడు. సిపాయి ఒంటికి అమర్చిన మర పాడైతే ఆ మనిషి గతేమిటన్నదే కథ. యుద్ధంలో గాయపడి ఇంటికొచ్చినవాళ్ల మీద రాసిన ఎన్నో గంభీరమైన కథల పక్కన దీన్ని ధైర్యంగా పెట్టవచ్చు.

1966లో కథ ‘షోనెన్ మాగజీన్’కి మారింది. అక్కడ వచ్చిందే ‘భూగర్భ సామ్రాజ్యం యోమి’ ఘట్టం. రచయిత దీంతో అంతా ముగించెయ్యాలనుకున్నాడు. బ్లాక్ ఘోస్ట్ అధినేత ఒక పెద్ద విగ్రహంలో ఎక్కి ఆకాశంలోకి తప్పించుకుంటుంటే, ఒకటో నంబరు పసిబిడ్డ తన మనోబలంతో జోని ఆ విగ్రహంలోకి పంపేస్తాడు. లోపల చూస్తే అధినేత మనిషి కాదు, మూడు మెదళ్లు. మమ్మల్ని చంపినా బ్లాక్ ఘోస్ట్ చావదు, అది మనుషుల మనసుల్లోంచే పుట్టిందన్న అర్థంలో అవి మాట్లాడతాయి. జో వాటిని చంపుతాడు. విగ్రహం పేలి, అతను భూమి పైన శూన్యంలో తేలుతుంటాడు. కాపాడదామని జెట్ ఎగిరి వస్తాడు గానీ, పట్టుకునేసరికి తిరిగి దిగడానికి ఇంధనం అయిపోతుంది. ఒకణ్ణొకడు పట్టుకుని వాతావరణంలో మండిపోతూ కిందికి రాలతారు.

కింద ఒక ఇంట్లో అక్కా తమ్ముడూ ఆకాశం చూస్తుంటారు. చుక్క రాలుతుంది. అక్క కోరిక కోరుకుంటుంది. నువ్వేం కోరుకున్నావురా అంటే తమ్ముడు బొమ్మ రైఫిల్ కావాలన్నానంటాడు. అక్క కోరుకున్నది లోకంలో యుద్ధాలు లేకుండా ఉండాలని. చుక్క రాలడమనే ఊహకి మూలం రే బ్రాడ్‌బరీ కథ ‘కెలైడోస్కోప్’ అని చదివినవాళ్లకి వెంటనే తెలుస్తుంది. అందులోనూ రాలిపోతున్న వ్యోమగామిని చూసి ఒక పిల్లాడు చుక్క రాలిందనుకుంటాడు. బొమ్మ రైఫిల్ మాత్రం ఇషినోమోరి సొంతం. ఆయుధాల వర్తకుడు చచ్చిన రాత్రే తర్వాతి కొనుగోలుదారు తయారవుతున్నాడు, అదీ ఏ పాపం తెలియని పసివాడు. మెదళ్లు అన్నది నిజమేనేమో అన్న అనుమానం పాఠకుడికి వదిలేసి పుస్తకం మూసేశాడు.

అది 1967. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రధాని ఎయిసాకు సాతో ఏ దేశాలకు ఆయుధాలు అమ్మకూడదో చెప్పే మూడు సూత్రాలను పార్లమెంటులో ప్రకటించాడు. ఈ రెంటికీ చుట్టరికం కలపాల్సిన పనిలేదు. గాలి అలా ఉందన్నమాట, అంతే.

మరుసటి ఏడు టీవీలోకి వచ్చిన నలుపు తెలుపు సిరీస్ ఇంకో అడుగు వేసింది. అందులో ఒక భాగం కథ ఇది: యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న ముసలి శాస్త్రవేత్త తన యంత్రంతో సముద్రం అడుగున మునిగిన పాత జపాన్ యుద్ధనౌకలని లేపి అమెరికా మీదికి పంపుతాడు. మసాకి త్సుజీ రాసిన ఆ భాగం చివర తెరమీద రాజ్యాంగం తొమ్మిదో అధికరణం పాఠమే ప్రత్యక్షమవుతుంది. యుద్ధాన్ని జపాన్ శాశ్వతంగా వదులుకుంటుందని చెప్పే అధికరణం అది. పిల్లలు టీవీ ముందు కూర్చునే సమయంలో ఇలాంటిది వేసిన నిర్మాతల గుండెధైర్యానికి దండం పెట్టాలి.

పాఠకులు జోని చావనివ్వలేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు. ఇషినోమోరి ఇద్దర్నీ బతికించి కథ మళ్లీ ఎత్తుకున్నాడు. అక్కణ్ణుంచి అతనికి ముగింపు దొరకలేదు. ఈసారి ప్రత్యర్థులు దేవుళ్లే అని 1969లో మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. 1971లో తెచ్చిన ‘కామెన్ రైడర్’ కూడా ఇదే పంట. దుష్ట సంస్థ కోసి మార్చిన కుర్రాడు ఆ సంస్థ మీదే తిరగబడతాడు. టీవీలో అది ఆటబొమ్మల అమ్మకాలతో సహా తారాజువ్వలా ఎగిసింది. 1998 జనవరిలో అరవయ్యేళ్లు నిండిన మూడో రోజున ఇషినోమోరి చనిపోయేనాటికి 009 చివరి ఘట్టం ఇంకా పుస్తకాల్లో నోట్సుగానే ఉంది. కొడుకు జో ఒనోదెరా వాటి ఆధారంగా నవలగా పూర్తిచేశాడు. నిజాయితీగా చెప్పాలంటే యోమి ముగింపు తర్వాత వచ్చిన ఏ కొసమెరుపూ దానికి సాటి రాలేదు.

ఇక 1989లో మాసమునే షిరో మొదలుపెట్టిన ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ దగ్గరికి వస్తే ఒంటికి యజమాని మారాడు. మోతోకో కుసనాగి దొంగిలించి తెచ్చిన శాంపిల్ కాదు, ప్రభుత్వ ఉద్యోగి. మెదడు తప్ప దాదాపు ఒళ్లంతా ఫ్యాక్టరీ సరుకు. మమోరు ఒషీ 1995లో తీసిన సినిమాలో ఆమె, తోటి ఉద్యోగి బాతో పడవ మీద మాట్లాడుకునే ఘట్టం ఉంది. ఉద్యోగం మానెయ్యొచ్చు, ఎవరూ ఆపరు. కాకపోతే ఒళ్లు తిరిగి అప్పగించాలి, జ్ఞాపకాల్లో కొన్ని కూడా. రాజీనామా చేసేటప్పుడు ఐడీ కార్డూ లాప్‌టాపూ తిరిగిచ్చినంత మామూలుగా చెప్పుకుంటారు ఆ సంగతి. తర్వాత ఆమె కాలువలో పడవ మీద పోతూ తలెత్తి చూస్తే, ఎదుటి మేడ అద్దం వెనక అచ్చం తన ముఖమే ఉన్న ఇంకో ఆడమనిషి. అదే మోడల్ ఒళ్లు, ఇంకెవరికో అమ్మినది. బ్లాక్ ఘోస్ట్ నుంచి పారిపోవచ్చు. నెలజీతం ఇచ్చి, మరమ్మతులు చేయించి, అన్నీ చట్టప్రకారం నడిపే యజమాని నుంచి ఎటు పారిపోవాలి? 2017లో హాలీవుడ్ తీసిన సినిమా ఈ ప్రశ్న పక్కనుంచి పోయింది. దాన్నిక్కడ పొడిగించనక్కర్లేదు.

ఈ రెండు కథలనీ కలిపిన చెయ్యి ఒకటుంది. 2002లో కుసనాగి కథని టీవీ సిరీస్‌గా తీసిన కెంజి కామియామే 2012లో ‘009 రీ:సైబోర్గ్’ తీశాడు. అందులో జో ఎప్పటికీ హైస్కూలు కుర్రాడే. మూడేళ్లకోసారి జ్ఞాపకాలు చెరిపేసి మళ్లీ మొదటి తరగతి గదిలో కూర్చోబెడుతుంటారు. ఆయుధాన్ని కొత్తగా ఉంచడానికి మనిషిని పాతబడనివ్వకపోవడం! ఆ ఒక్క ఊహ కోసం సినిమాలోని మిగతా గందరగోళాన్ని క్షమించవచ్చు.

బొమ్మలు వదిలి ఫ్యాక్టరీలోకి వద్దాం. చిన్నతనంలో అసిమోవ్ ‘ఐ, రోబాట్’నీ ‘సైబోర్గ్ 009’నీ ఇష్టంగా చదివిన యోషియుకి సంకాయి పెద్దయ్యాక త్సుకుబా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. 2004లో సైబర్‌డైన్ అనే కంపెనీ పెట్టాడు. అది చేసేది ‘హాల్’ అనే తొడుగు. కాలు కదపాలని మనిషి అనుకున్నప్పుడు చర్మం మీద కనిపించే సన్నటి విద్యుత్ సంకేతాలని పట్టుకుని, కాళ్లకి కట్టిన మోటార్లు ఆ కదలికకి సాయం పడతాయి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకీ, కండరాలు క్షీణించే జబ్బులున్నవాళ్లకీ నడక నేర్పడానికి వాడతారు. ఇదే తొడుగు సిపాయికి కడితే ఎంత బరువు మోస్తాడో లెక్కవేసుకునేవాళ్లు లోకంలో ఉంటారని సంకాయికి తెలుసు. 2014 మార్చిలో కంపెనీ టోక్యో స్టాక్ మార్కెట్‌లోకి వచ్చినప్పుడు రెండు రకాల షేర్లు పెట్టించాడు. తన చేతిలో ఉంచుకున్న రకానికి మామూలు షేరుకన్నా పదింతల ఓటుబలం. ఎవరో డబ్బుతో వచ్చి కంపెనీని కొనేసి ఈ పరిజ్ఞానాన్ని యుద్ధానికి మళ్లించకుండా ఉండాలన్నది దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. గిల్మోర్ శాంపిళ్లతో పారిపోవాల్సివచ్చింది, ఇతనికి కంపెనీ చట్టం సరిపోయింది. మరుసటి నెలలోనే, ఏప్రిల్ 1న, షింజో అబే మంత్రివర్గం సాతో నాటి ఆయుధ ఎగుమతుల సూత్రాలని పక్కనపెట్టి, షరతులతో అమ్మకాలకు దారి తెరిచే కొత్తవి తెచ్చింది.

చదవాలనుకునే విద్యార్థులకు ఒక మాట. ‘సైబోర్గ్ 009’ తొలి సంపుటాలు ఇంగ్లీషులో 2003 నుంచి టోక్యోపాప్ ప్రచురణగా వచ్చాయి. పాత పుస్తకాల దగ్గర వెతకాలి. మొదటి పేజీల్లో పాత్రలు ఉండలు చుట్టినట్టు గుండ్రంగా, చిన్నపిల్లల బొమ్మల్లా కనిపిస్తాయి. ప్యున్మా దగ్గర చిరాకేస్తుంది. అక్కడ ఆగిపోకుండా వియత్నాంలో నడిచే ఘట్టందాకా, అక్కణ్ణుంచి యోమి దాకా వెళ్లాలి. హైన్రిష్ ఉన్న పేజీలొచ్చినప్పుడు మాత్రం కొంచెం నెమ్మదించి, మాట్లాడేటప్పుడు అతను కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకుంటున్నాడో చూడండి.